కూర్చుని ఎలా ఉందో చెప్పండి

మావగారికి ఉన్న పిచ్చి ఒకే ఒక్కటి. ఎక్కడికి వెళ్ళినా ఆయన చంకలో ఒక మడత స్టూలు ఉంటుంది. కనిపించిన మనిషినల్లా ఆపి, ఆ స్టూలు విప్పి, దాని మీద కూర్చోబెట్టి, "ఎలా ఉందో చెప్పండి" అని అడుగుతారు. చెప్పేదాకా వదలరు. మిగతా విషయాల్లో ఆయనంత పద్ధతైన మనిషి ఆ వీధిలోనే లేడు. ఒకరి జోలికి పోరు, కూరలో ఉప్పు మరిచిపోయినా నోరెత్తరు, టీవీ రిమోట్ కోసం మనవరాలితో పోట్లాడరు. స్టూలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

పోనీ అదేమైనా చెప్పుకోదగ్గ స్టూలా అంటే, అదీ లేదు. ఇనప కాళ్ళు, పైన ముతక గుడ్డ. ఆ గుడ్డ ఒకప్పుడు ఆకుపచ్చ రంగట. చిరిగిన చోటల్లా పాత చొక్కాల ముక్కలు వేసి కుట్టించారు. ఒక కాలికి రబ్బరు తొడుగు ఊడిపోతే మందు సీసా మూత బిగించారు. మనిషి కూర్చోగానే అది కిర్రుమంటుంది, ఆ తర్వాత సర్దుకుంటుంది.

"బాగుందండీ," అంటాడు పోస్టుమాన్ లేవబోతూ.

"బాగుందంటే ఎలా నాయనా? ఎక్కడ బాగుంది? నడుం దగ్గరా, తొడల కిందా? నిదానంగా కూర్చుని చెప్పు."

పోస్టుమాన్ నిదానంగా కూర్చుని చెబుతాడు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. "నిన్ననే చెప్పాను కదా సార్?" అంటే, "నిన్నటి అభిప్రాయం నిన్నటిదే. ఇవాళ గుడ్డ కాస్త సాగి ఉండొచ్చు" అంటారు. గ్యాస్ బండ మోసుకొచ్చేవాడికీ, కరెంటు మీటరు చూసేవాడికీ, కూరగాయల తట్టతో వచ్చే ముసలమ్మకీ ఇదే పరీక్ష. ఈయన స్టూళ్ళ ఫ్యాక్టరీ పెట్టబోతున్నాడని వీధిలో కొందరికి గట్టి నమ్మకం. అసలు ఇంట్లోవాళ్ళకే ఆ అనుమానం ఉండేది.

మావగారు జీవితమంతా ఒక పెద్ద బట్టల కొట్టులో కౌంటరు వెనక పనిచేశారు. రిటైరయ్యే రోజున యజమాని, "ఏం కావాలో అడుగు, గడియారమా, గొలుసా?" అన్నాడట. "ఒక మడత స్టూలు ఇప్పించండి," అన్నారట ఈయన. యజమాని నవ్వి, ఆ సాయంత్రమే తెప్పించి ఇచ్చాడు. మంచి గడియారం పోయిందని అత్తగారు బతికున్నన్నాళ్ళూ సణిగారు.

ఈ స్టూలు పిచ్చి కోడలి మెడకి చుట్టుకున్నది మాత్రం ఆవిడ ఉద్యోగాల వేటలో పడ్డాకే. కోడలు ఏళ్ళ తరబడి కుట్టుమిషన్లు అమ్మింది. కంపెనీ మూతపడింది. అప్పటికి ఆవిడ నలభైకి దగ్గర పడింది. వెళ్ళిన చోటల్లా, "మీ అనుభవం చాలా గొప్పది మేడమ్," అని ఎంతో మర్యాదగా చెప్పి, పాతికేళ్ళ కుర్రాళ్ళని తీసుకున్నారు. భర్త పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో సగం రోజులు యంత్రాలు తిరగడంలేదు. ఈ నెలాఖరులోగా ఆవిడకి ఉద్యోగం దొరక్కపోతే అద్దె ఇల్లు ఖాళీ చేసి బావగారింటికి చేరాలి. అలా అని ఇంట్లో అందరూ కూర్చుని, మావగారొక్కరూ గుమ్మానికి ఆనుకుని నిలబడి, నిర్ణయించుకున్నారు.

బావగారు దేవుడు. వచ్చిన చిక్కల్లా తోడికోడలితోనే. రోజు విడిచి రోజు ఫోను చేసేది.

"మా మేడమీద గది ఖాళీగానే ఉందిగా. నీళ్ళ ట్యాంకు పక్కనే, చల్లగా ఉంటుంది. వంటింట్లో ఎవరి డబ్బాలు వాళ్ళవి అనుకుందాం, గొడవుండదు. అన్నట్టు, మావయ్యగారి స్టూలు మాత్రం తీసుకురావద్దు తల్లీ. మా గేటు ముందు దారిన పోయేవాళ్ళందర్నీ కూర్చోబెడితే మా పరువేం కాను?"

ఫోను పెట్టేశాక కోడలికి ఆ వంటింట్లో తన డబ్బాల మీద తోడికోడలి చూపు పడుతున్నట్టు ఇప్పట్నుంచే అనిపించేది.

అలాంటి సమయంలో ఒక కంపెనీ పలికింది. ఆఫీసు కుర్చీలు అమ్మే కంపెనీ. సేల్స్ ఉద్యోగం. "ముందు ఫోన్లో చిన్న రౌండ్ ఉంటుందండీ," అంది అవతల ఒక అమ్మాయి. ఆ అమ్మాయి నోట చిన్న రౌండ్ కానిది ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు కాబట్టి, ఇంట్లో ఆ పిల్లకి చిన్న రౌండ్ అమ్మాయి అనే పేరు ఖాయమైంది.

ఆ ఇంట్లో ఫోను సిగ్నల్ అందేది మేడమెట్ల మలుపులో మాత్రమే. కోడలు అక్కడ నిలబడి, చెమటలు కక్కుతూ, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ జవాబులు చెబుతోంది. వెనక నుంచి కిర్రుమని చప్పుడు. మావగారు స్టూలు వేసేశారు. ఆవిడ చేత్తో వద్దు వద్దని సైగ చేసింది. ఆయన ఇంకాస్త దగ్గరికి జరిపారు. చేసేదిలేక కూర్చుంది.

"ఎలా ఉంది?" అన్నారు మావగారు గుసగుసగా. ఆయన గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది.

"ఏమన్నారు మేడమ్?" అంది ఫోను.

"ఎలా ఉంది... ఎలా ఉందని మన కుర్చీలో కూర్చున్న కస్టమర్ని అడిగి తెలుసుకుంటానండీ," అంది కోడలు ఆయనకేసి గుడ్లురిమి చూస్తూ.

ఆ రౌండ్ దాటింది. గొంతు స్థిమితంగా ఉందన్నారట. మావగారు ఆ మెప్పంతా స్టూలు ఖాతాలో వేశారు.

రెండోది ఆఫీసులోనే. బస్సులు మారి వెళ్ళాలి. "తోడొస్తానమ్మా," అన్నారు మావగారు.

"మీరు రండి మావయ్యగారూ. స్టూలు మాత్రం వద్దు."

"స్టూలు లేకుండా నేనెందుకమ్మా నీకు?"

స్టూలు కూడా బస్సెక్కింది.

కంపెనీ ఆఫీసు చూస్తే కోడలికి కళ్ళు చెదిరాయి. పొడుగాటి వరండా, ఇటూ అటూ కుర్చీలే కుర్చీలు. తిరిగేవి, వాలేవి, తలకి దిండున్నవి, మెడకి దన్నున్నవి, ఎర్రవి, నల్లవి. ప్రతి కుర్చీకీ ఒక అట్టముక్క వేలాడుతోంది. "ప్రదర్శన కోసం మాత్రమే. కూర్చోరాదు." ఆ కుర్చీల మధ్య ఉద్యోగం కోసం వచ్చిన జనమంతా, చేతుల్లో ఫైళ్ళతో నిలబడి ఉన్నారు.

"కూర్చోడానికి ఎక్కడైనా..." అంది కోడలు.

"అవి డిస్‌ప్లే అండీ," అంది చిన్న రౌండ్ అమ్మాయి ఎత్తుమడమల చెప్పుల మీద ఊగుతూ. "ఇదిగో ఇప్పుడే పిలుస్తారు. చిన్న రౌండే."

ఇప్పుడే అంటే మధ్యాహ్నం అని తర్వాత తెలిసింది. కాళ్ళు పీకుతున్నాయి. నిలబడి నిలబడి ఎదుట ఉన్న మెత్తటి ఎర్ర కుర్చీ మీద అందరికీ కక్ష పుట్టింది. ఆ పొద్దంతా ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, మాట్లాడితే ఉన్న ఓపిక కూడా పోతుందని. మావగారు మాత్రం వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి స్టూలు విప్పారు.

"బయటి కుర్చీలు లోపలికి తేకూడదు సార్," అన్నాడు వాచ్‌మన్ గంభీరంగా.

"ఇది కుర్చీయేనా అన్నదే నా సందేహం కూడానూ. మీరు పాపం రోజంతా కుర్చీల మధ్య ఉంటారు, మీకు తెలియాలి. ఒక్కసారి కూర్చుని, తేల్చి చెప్పండి."

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. తేల్చడానికి అతనికి చాలాసేపు పట్టింది. తర్వాత మావగారు చిన్న రౌండ్ అమ్మాయిని పట్టుకున్నారు. ఆ అమ్మాయి వద్దంది, రూల్స్ ఒప్పుకోవంది, ఆఖరికి ఒక స్తంభం చాటున కూర్చుని అభిప్రాయం చెప్పింది. కోడలు సిగ్గుతో చచ్చిపోయి, వాళ్ళెవరో తనకి తెలియనట్టు గోడ మీద గడియారం చూస్తూ నిలబడింది.

లోపల కంప్యూటరు మీద పరీక్ష. మీరు ఒక చెట్టా, నదా, కొండా అని ఒక ప్రశ్న. కోడలు రెండో ఆలోచన లేకుండా కొండ అని నొక్కింది. ఎక్కడికీ పోనక్కర్లేకుండా ఒకచోట కూర్చుని ఉండేది అదొక్కటే. ఇంత చక్కటి స్థిరత్వం మరెవరి జవాబుల్లోనూ కనపడలేదని ఆ రౌండు కూడా దాటించారు.

ఆ తర్వాత అందరూ కలిసి చర్చించే రౌండు. బల్ల ఉంది, చుట్టూ కుర్చీలు లేవు. నిలబడి మాట్లాడితే చురుకుదనం వస్తుందట. కస్టమరు దేవుడా, స్నేహితుడా అన్నది అంశం. కుర్రాళ్ళు ఒకరి మాట మీద ఒకరు పడి అరిచారు. దేవుడన్నవాళ్ళకీ స్నేహితుడన్నవాళ్ళకీ కొట్లాటొక్కటే తక్కువ. అరిచే ఓపిక కోడలికి లేదు. అందరూ ఆయాసపడి ఆగాక, "దేవుడో కాదో తెలీదు గానీ, ఆయనకి కూడా కాళ్ళు నొప్పెడతాయండీ," అంది. నిజానికి అవి తన కాళ్ళ గురించి అన్న మాటలు. పరీక్ష పెట్టినాయన ఎందుకో ఏదో రాసుకున్నాడు.

ఆ సాయంత్రానికి మనుషులు పలచబడ్డారు. "అయిపోయినట్టేనా అమ్మా?" అని చిన్న రౌండ్ అమ్మాయిని అడిగింది కోడలు.

"అయిపోయినట్టేనండీ. ఇంకొక్క చిన్న రౌండ్."

ఆ చిన్న రౌండు పేరు ఫీల్డు రౌండు. కొన్నాళ్ళపాటు రోజూ పొద్దున్నే ఆఫీసు వరండాలో హాజరు వేయించుకోవాలి. కంపెనీ సేల్స్‌మన్ వెంట ఊరంతా తిరిగి, ఆఫీసు ఆఫీసుకీ వెళ్ళి కుర్చీల గురించి చెప్పాలి. అన్నీ పైఅంతస్తుల్లో ఉన్న ఆఫీసులే, ఒక్క లిఫ్టూ పనిచేయదు. కొత్త చెప్పులు మడమ దగ్గర కొరికాయి. చెప్పిందే చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఒకచోట రిసెప్షన్లో అమ్మాయి వీళ్ళ మొహం చూడకుండానే, "వద్దండీ," అంది. ఇంకోచోట వద్దని చెప్పడానికైనా ఎవరూ లేరు. మెట్లు ఎక్కినప్పుడల్లా కోడలికి ఆ మేడమీద గది గుర్తొచ్చింది. దాని మెట్లు కూడా ఇంత నిటారుగానే ఉంటాయి. కింద వీధిలో మావగారు స్టూలు చంకన పెట్టుకుని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి నీడలా నడుస్తూనే ఉన్నారు.

చివరి మెట్లు దిగుతూ, జీవితంలో మొట్టమొదటిసారి, ఆవిడ ఆ స్టూలు కోసం ఆశగా చూసింది. స్టూలు వేసే ఉంది. దాని మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు.

ఆయన్ని ఆవిడ ఎరుగును. తనతో పాటు ఈ ఉద్యోగానికి వచ్చినాయనే. ఏభై దాటినవాడు, రంగుల కంపెనీలో పనిచేసి వచ్చాడు. కుడి మోకాలు వంచడానికి అవస్థపడుతూ, ఎవరూ చూడకుండా గోడ పట్టుకునేవాడు. మావగారు ఆయనకి మోకాలాయన అని అప్పటికే పేరు పెట్టేశారు. చర్చలో అందరికంటే బాగా మాట్లాడింది ఆయనే. మిగిలిన రౌండ్లలో కోడలికి గట్టి పోటీ ఎవరంటే ఆయనే.

"అయితే నడుం దగ్గర పర్లేదంటారు," అంటున్నారు మావగారు.

"పర్లేదండీ. తొడల కింద కాస్త సన్నంగా ఉంది," అంటున్నాడు మోకాలాయన కళ్ళు సగం మూసుకుని.

కోడలికి ఒళ్ళు మండింది. ఆయన అవతలికి కుంటుకుంటూ వెళ్ళేదాకా పళ్ళబిగువున ఆగింది.

"మీరు నా వైపా, ఆయన వైపా మావయ్యగారూ?"

"వైపేముందమ్మా ఇందులో? నువ్వు దిగేలోపు ఒక అభిప్రాయం తీసుకుందామని..."

"ఆయన నాకు పోటీ!"

"ఓహో." మావగారు స్టూలు మడిచారు. "అయితే మన స్టూలుకి మొహమాటంతో మంచిమాట చెప్పి ఉండడు. నిజమే చెప్పి ఉంటాడు."

ఇంటికొచ్చాక మడమకి మందు రాసుకుంటుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక చాలక నిద్రపోయింది.

ఊహించినట్టే ఆఖరికి మిగిలింది ఇద్దరు. కోడలు, మోకాలాయన. ఆఖరి రౌండు కంపెనీ యజమానితో. ఆ రోజు పొద్దున్నే తోడికోడలు ఫోను చేసింది.

"గది కడిగించేశాను. అద్దెవాళ్ళు ఎవరో అడిగితే మావాళ్ళు వస్తున్నారని చెప్పాను. అంతేగా?"

"సాయంత్రం చెబుతానక్కా," అంది కోడలు. ఫోను పెట్టేసి నేరుగా మావగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన స్టూలు గుడ్డ దులుపుతున్నారు.

"మావయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇవాళ ఒక్క రోజు ఆ స్టూలు ఇంట్లో పెట్టండి. ఇవాళ కూడా నవ్వులపాలు అయితే నేను తట్టుకోలేను."

మావగారు ఆవిడ మొహం చూశారు. స్టూలు మడిచి తలుపు వెనక పెట్టారు. బస్సులో ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి చొక్కా గుండీలు సర్దుకున్నారు, ఒకసారి జేబులు తడుముకున్నారు. ఖాళీ సీటు ఉన్నా కడ్డీ పట్టుకునే నిలబడ్డారు. కోడలికి జాలేసింది గానీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వరండాలో వాచ్‌మన్ దూరం నుంచే చూశాడు. "స్టూలేది సార్?" అన్నాడు దిగులుగా.

"ఇవాళ తేలేదు నాయనా."

వాచ్‌మన్ తన జాగాలోకి వెళ్ళి నిలబడ్డాడు. పొద్దు ఎక్కింది. యజమానికి ఏవో మీటింగులట. మోకాలాయన గోడకి ఆనుకున్నాడు, తర్వాత స్తంభానికి ఆనుకున్నాడు, తర్వాత ఆనుకోవడానికి ఇంకేం దొరుకుతుందా అని చూశాడు. చిన్న రౌండ్ అమ్మాయి లోపల నుంచి వచ్చి, అలవాటుగా ఆ స్తంభం చాటుకి వెళ్ళి, కిందకి చూసి, ఆగిపోయింది.

"తాతగారు స్టూలు తేలేదా?" అంది కోడలితో.

"నేనే వద్దన్నాను. మిమ్మల్నందర్నీ తెగ ఇబ్బంది పెడుతున్నారని."

"ఇబ్బందా?" ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మొదటి రోజు పొద్దున్నించీ నిలబడి నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ. అలిసిపోయావు, కూర్చో అని ఎవరైనా అంటే కూర్చోడానికి మాకు లేదు. రూల్. తాతగారు అలా అనలేదుగా. అభిప్రాయం చెప్పమన్నారు. పెద్దాయన అడిగితే చెప్పాలి కదా! వచ్చిన ప్రతిసారీ అడుగుతారు. నేను ప్రతిసారీ అదే చెబుతాను. ఆయన ప్రతిసారీ కొత్తగా వింటారు."

మోకాలాయన ఇటు తిరిగాడు. "నన్ను కూడా అంతేనండీ. కూర్చోండి, మోకాలు నొప్పెడుతోందా అంటే చచ్చినా కూర్చునేవాణ్ణి కాదు. ఆ మాట లోపలికి తెలిస్తే నాకెవరిస్తారు ఉద్యోగం? ఎలా ఉందో చెప్పమన్నారు కాబట్టి, ఏదో పెద్దమనిషికి సాయం చేసినట్టు కూర్చున్నాను."

కోడలికి పోస్టుమాన్ గుర్తొచ్చాడు. గ్యాస్ బండ మోసేవాడు గుర్తొచ్చాడు, కూరగాయల ముసలమ్మ, మేడమెట్ల మీద చెమటలు కక్కుతూ ఫోను పట్టుకున్న తనూ గుర్తొచ్చారు. మావగారు ఆపింది కనపడిన వాళ్ళందర్నీ కాదు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారే వాళ్ళని. జీవితమంతా కౌంటరు వెనక, సిబ్బంది కూర్చోకూడదన్న కొట్లో నిలబడ్డ మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ మావగారి కోసం చూసింది. ఆయన వరండా చివర, ఆ ఎర్ర కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోవడం తను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తట్టింది. పేపరు చదివేది గుమ్మానికి ఆనుకుని. కాఫీ తాగేది కిటికీ దగ్గర నిలబడి. ఆయన కూడా ఇప్పుడు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతున్నారు.

"మేడమ్, మిమ్మల్నే. చిన్న రౌండే," అంది అమ్మాయి.

లోపల బల్ల వెనక యజమాని కూర్చుని ఉన్నాడు. పక్కన సేల్స్ మేనేజరు, మెడకి బిగించిన టై, పొద్దున్నుంచీ బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుతున్నవాడి మొహం. చర్చ రౌండులో పరీక్ష పెట్టి ఏదో రాసుకున్నది ఈ టై ఆయనే. మధ్యలో కంపెనీ కొత్త కుర్చీ.

"ఈ కుర్చీ మాకు అమ్మండి," అన్నాడు యజమాని.

కోడలు ఇంటి దగ్గర అద్దం ముందు బట్టీపట్టిన ప్రసంగం ఒకటి ఉండాలి. వెతికింది, దొరకలేదు. చక్రాలు, స్ప్రింగులు, గ్యారంటీ, అన్నీ కలగాపులగం అయిపోయాయి. తల ప్రాణం తోకకొచ్చిన ఆ స్థితిలో ఆవిడకి కనపడింది ఒకటే. టై ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారాడు.

"సార్," అంది ఆయనతో. "ఒక్కసారి ఇందులో కూర్చుని, ఎలా ఉందో చెబుతారా?"

"నాకు తెలుసు మేడమ్. దీని గురించి నేనే అందరికీ పాఠాలు చెబుతాను."

"నిన్నటి అభిప్రాయం నిన్నటిదే కదా సార్. ఇవాళ ఎలా ఉందో కావాలి నాకు."

టై ఆయన యజమానికేసి చూశాడు. యజమాని తలూపాడు. టై ఆయన అంచు మీద కూర్చున్నాడు. తర్వాత వెనక్కి జరిగాడు. తర్వాత టై ముడి కాస్త వదులు చేశాడు.

"బాగుంది," అన్నాడు.

"బాగుందంటే ఎలా సార్? ఎక్కడ? నడుం దగ్గరా, తొడల కిందా? నిదానంగా చెప్పండి."

ఆయన నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. నడుం దగ్గర హాయిగా ఉందన్నాడు. చెయ్యి పెట్టుకునే చోటు పొట్టివాళ్ళకి కాస్త ఎత్తవుతుందన్నాడు. ఇన్నేళ్ళుగా కుర్చీలు అమ్ముతున్నా కంపెనీ కుర్చీలో తను కూర్చున్నది ఇదే మొదటిసారన్నాడు, డిస్‌ప్లే రూలు పెట్టింది తనే కాబట్టి. ఆ తర్వాత తన వెన్ను గురించి చెప్పాడు, పొద్దున లేవడం గురించి చెప్పాడు, వాళ్ళావిడ ఎప్పట్నుంచో డాక్టరు దగ్గరికి వెళ్ళమంటోందని చెప్పాడు. కోడలు మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"అయిందా? లేస్తావా?" అన్నాడు యజమాని.

"ఒక్క నిమిషం సార్."

తలుపు తెరుచుకుని చిన్న రౌండ్ అమ్మాయి తొంగి చూసింది. "సార్, తర్వాత ఇంకొక్క చిన్న రౌండ్ పెట్టమన్నారు..."

"ఇంకెందుకమ్మా?" అన్నాడు యజమాని. "వీడు లేచేలా లేడు. ఆవిడ అమ్మేసింది."

సాయంత్రం తోడికోడలికి ఫోను వెళ్ళింది. "సంతోషం. గది అనవసరంగా కడిగించాను," అంది ఆవిడ. నిజంగా సంతోషించినట్టే ఉంది గొంతు, ఎవరి డబ్బాలు వాళ్ళవే అయినందుకు.

మోకాలాయనకి ఉద్యోగం రాలేదని కోడలికి ఆ సంతోషంలో ఒక ముల్లు ఉండిపోయింది. అది ఎన్నాళ్ళో ఉండలేదు. ఆయనే ఫోను చేశాడు, ఫ్యాన్ల కంపెనీలో చేరానని. "ఒక్కటే రౌండండీ. అదీ టీ తాగుతూ, కూర్చుని!" అన్నాడు. ఆ కూర్చుని అన్న మాట ఎంత రుచిగా పలికాడో చెప్పలేం.

ఉద్యోగంలో చేరాక కోడలు చేసిన మొదటి పని టై ఆయన్ని పోరడం. చెవిలో జోరీగలా పోరి పోరి, ఆ ఎర్ర కుర్చీ మెడలో అట్టముక్క తీయించింది. దాని స్థానంలో తనే ఇంకో ముక్క రాసి కట్టింది. "కూర్చుని ఎలా ఉందో చెప్పండి." వాచ్‌మన్ రోజూ చెబుతున్నాడు. చిన్న రౌండ్ అమ్మాయి పొద్దునా సాయంత్రం చెబుతోంది. ఉద్యోగానికి వచ్చినవాళ్ళు వంతులవారీగా చెబుతున్నారు. మోకాలాయన ఒకరోజు వచ్చి, సరిగ్గా ఆ కుర్చీ పైకి గాలి తగిలేలా ఒక ఫ్యాను అమ్మేసి పోయాడు.

ఒక సాయంత్రం మావగారు కోడల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చారు, చంకలో స్టూలుతో. వరండా ఖాళీగా ఉంది. ఆయన ఆ అట్టముక్క చదివారు. మళ్ళీ చదివారు. ఏమీ తెలియనట్టు గడియారం చూశారు.

"కూర్చోండి మావయ్యగారూ."

"నాకేం అలసట లేదమ్మా. పద, బస్సుకి వేళవుతోంది."

"అలసట మాట ఎవరెత్తారు? అభిప్రాయం అడిగాను. నా ఉద్యోగమే అది."

మావగారు ఆవిడకేసి అనుమానంగా చూశారు. ఆవిడ మొహంలో నవ్వు లేదు, కళ్ళలో ఉంది. దొరికిపోయానని ఆయనకి అర్థమైంది. మెల్లిగా, కుర్చీ మీద కాదు, దాని అంచు మీద కూర్చున్నారు.

"పర్లేదు," అన్నారు వెంటనే లేవబోతూ.

"పర్లేదంటే ఎలా మావయ్యగారూ? నడుం దగ్గరా, తొడల కిందా? నిదానంగా కూర్చుని చెప్పండి."

ఆయన వెనక్కి జరిగారు. వీపు ఆనించారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కోడలు ఆయన చంకలోంచి స్టూలు తీసుకుని, విప్పి, పక్కనే వేసుకుని కూర్చుంది. అది కిర్రుమని, సర్దుకుంది. ఫ్యాను తిరుగుతోంది. బయట వాళ్ళ బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"ఏమంటారు మరి?" అంది ఆవిడ చాలాసేపటికి.

మావగారు కళ్ళు తెరవలేదు.

"ఇంకా తేలడం లేదమ్మా," అన్నారు. "రేపు కూడా ఒకసారి వచ్చి చూడాలి."